నాన్నతో బెలూం గుహలకి

శుక్రవారం సాయంత్రం ఉప్పల్ నుంచి బయల్దేరాం, నేను, మా ఆవిడ, నాన్న. బెలూం హైదరాబాద్ నుంచి దాదాపు 320 కిలోమీటర్లు, ఒక్క రోజులో వెళ్లి వచ్చేవాళ్లున్నారు గానీ డెబ్బై దాటిన మనిషితో ఆ పరుగు వద్దని రాత్రి కర్నూల్లో ఆగాం. ఆ లాడ్జి మాత్రం అస్సలు బాలేదు, అర్ధరాత్రి నల్లాలో నీళ్లు బంద్, కౌంటర్లో అబ్బాయిని లేపితే పొద్దున మోటరేస్తాం అన్నాడు. ఈసారైతే గుహల పక్కనే టూరిజం వాళ్ల హరిత హోటల్లో ముందే రూం తీసుకుంటా, మధ్యాహ్నం అక్కడే తిన్నాం, పప్పు, వేడన్నం చాలా బాగున్నాయి.

బనగానపల్లె దాటాక నాపరాళ్ల ఫ్యాక్టరీలు కనపడతాయి. అదీ సున్నపురాయే, గుహదీ సున్నపురాయే, మా వంటింటి గట్టు లాంటి రాయిని నీళ్లు లక్షల ఏళ్లు తొలిస్తే ఇంత అయ్యిందా అనిపించింది.

మొత్తం 3,229 మీటర్ల గుహ, మనల్ని రానిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. బావిలోకి దిగినట్టు మెట్లు దిగాలి, లోపల ఉక్క, పది నిమిషాలకే చొక్కా తడిసిపోతుంది, మంచినీళ్లు తప్పకుండా పట్టుకెళ్లండి. గుహలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్ల లోతులో ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ మెట్లు ఆలోచించుకుని దిగండి, నాన్న ఆ మెట్ల దగ్గరే ఆగిపోయారు. లోపలే సప్తస్వరాల గుహ అనే చోట గైడు వేలి కణుపుతో రాయిని తట్టాడు, ఖంగుమని గుడిగంట లాగా మోగింది, నాన్న చెవి ఆనించి మళ్లీ కొట్టమన్నారు.

గైడు మంచివాడే, కానీ ఏ రాయి ఏ దేవుడిలా ఉందో అదే ఎక్కువ చెప్పాడు. నాన్న సోషల్ టీచర్‌గా రిటైరయ్యారు, ఇక్కడ దొరికిన కుండల సంగతేంటని ఆయనే అడిగారు. అవి క్రీ.పూ. 4500 నాటివట, తర్వాత బౌద్ధ భిక్షువులు కూడా ఉన్నారట. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు, 1982, 83ల్లో గెబావర్ అనే ఆయన నడిపించిన జర్మన్ టీం లోపలంతా కొలిచింది, జనాలకి తెరిచింది 2002లో. నాకైతే శివలింగాల కన్నా ఆ కుండల మాటే మనసులో ఉండిపోయింది, ఇదే చీకట్లో ఎవరో నీళ్లు పట్టుకుని దాచుకున్నారు కదా. ఆ ముచ్చట గేటు దగ్గరే పెద్ద బోర్డు మీద రాసి అందరికీ చెప్పాలి.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు కూడా చూద్దామనుకున్నాం, ఫూట్, ఆయన కొడుకు తవ్వితే పాతకాలపు జంతువుల ఎముకలు దొరికింది అక్కడే. టైం చాల్లేదు. నాన్న అప్పుడే దసరా తర్వాత వెళ్దాం అంటున్నారు.