చిన్న ఫార్ములా కారుకి ఏ ఇంజిన్? బుల్లెట్, కేటీఎం, నానో మూడూ వాడాక

భీమవరంలో, ఉండి ఊరికెళ్లే రోడ్డు వైపు మాదొక లేత్ షెడ్డు. రొయ్యల చెరువుల ఏరేటర్ గేర్‌బాక్సులు, నరసాపురం నుంచి వచ్చే పడవల షాఫ్టులు, ఇదీ రోజువారీ పని. అవి కాక ఒక మూల సింగిల్ సీటర్ రేసు కారొకటి ఉంటుంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఫార్ములా స్టూడెంట్ (ఇంజనీరింగ్ విద్యార్థులు తామే కట్టిన రేసు కార్లతో దిగే పోటీ) కోసం మొదలుపెట్టిన కారు అది. అప్పట్నుంచి దాని వెనకాల మూడు ఇంజిన్లు మారాయి. ఏటా కొత్త బ్యాచ్ పిల్లలొచ్చి "అన్నా, ఏ ఇంజిన్ తీసుకోమంటావ్?" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నాను.

ముందు నిబంధన సంగతి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, 710 సీసీ మించకూడదు. ఒకప్పుడు 610 ఉండేది. పెట్రోల్ ఇంజిన్ అయితే లోపలికెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. దాన్నే రెస్ట్రిక్టర్ అంటారు. బ్రోచర్‌లో రాసిన హార్స్‌పవర్ చూసి ఇంజిన్ ఎంచుకునేవాళ్లు ఈ రంధ్రాన్ని మర్చిపోతారు. 373 సీసీ ఇంజిన్ 9000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 28 లీటర్ల గాలి పీలుస్తుంది, బరువులో సుమారు 33 గ్రాములు. 20 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 70 గ్రాముల దాకా వదలగలదు. లెక్క ప్రకారం సరిపోవాలి కదా? సరిపోదు. సింగిల్ సిలిండర్ గాలిని సమంగా తీసుకోదు. నాలుగు స్ట్రోకుల్లో ఒక్కదాంట్లోనే మొత్తం లాగేస్తుంది, ఆ క్షణానికి రంధ్రం చాలదు. అందుకే మధ్యలో ప్లీనం అనే డబ్బా పెడతాం. డబ్బా చిన్నదైతే పై ఆర్‌పీఎంలో ఇంజిన్‌కి ఊపిరాడదు. మరీ పెద్దదైతే యాక్సిలరేటర్ తొక్కాక కారు ఆలోచించుకుని కదులుతుంది. మా కారుకి రెండు మూడు లీటర్ల మధ్య కుదిరింది.

ఈ రెస్ట్రిక్టర్ గొడవ లేని రేసులు వేరే ఉన్నాయి. ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లలో మారుతీ స్విఫ్ట్ 1300 సీసీ ఇంజిన్ వాడారు. అంతకుముందు కరివర్ధన్ తయారు చేసిన ఫార్ములా మారుతీలో మనందరికీ తెలిసిన 800 ఇంజిన్ ఉండేది. కోయంబత్తూరు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. ఇంటి ముందు తిరిగే బండి ఇంజిన్‌తో రేసు కారు కట్టడం మనకి కొత్తేం కాదు.

మేం మొదట పెట్టింది బుల్లెట్ 500. 499 సీసీ, 84 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 27.2 బీహెచ్‌పీ. టార్క్ మాత్రం 4000 ఆర్‌పీఎంకే 41.3 న్యూటన్ మీటర్లు. ఎక్కువ ఆర్‌పీఎం తిరగదు కాబట్టి రెస్ట్రిక్టర్ బాధ దీనికి పెద్దగా తెలియదు. మూల మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు గేరు తప్పు ఉన్నా లాక్కుపోతుంది. విప్పి బిగించడం పాలకొల్లులో ఏ మెకానిక్‌నడిగినా చేసి పెడతాడు. ఇంతవరకే సుఖం. కారులో డ్రైవర్ వీపు వెనకాల పెట్టేసరికి ఎయిర్ కూల్డ్ హెడ్‌కి గాలి తగలదు. మన ఎండల్లో స్టార్ట్ చేసి వదిలేస్తే చెయ్యి పెట్టలేం, ఫ్యాన్ పెట్టాల్సొచ్చింది. వైబ్రేషన్‌కి సైలెన్సర్ బ్రాకెట్ వెల్డింగ్ ఎప్పుడూ ఒకే చోట, ట్యూబ్ అంచు వెంబడి సన్నటి గీతలా చిట్లేది. నట్లన్నీ ప్రతి రన్ తర్వాతా చూసుకోవాల్సిందే. బరువు సరేసరి. ఇష్టంతో పెట్టుకుంటానంటే కాదనను, పోటీకి మాత్రం వద్దు. 2020లో ఇక్కడ అమ్మకమూ ఆపేశారు.

తర్వాత వచ్చింది కేటీఎం 390. ఎక్కువ కాలం వాడింది ఇదే. 43 పీఎస్ పైన, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, తేలిక. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్‌కి, అంటే మన దేశంలో జరిగే ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీకి వెళ్లి చూడండి, కారు విడిచి కారు వెనకాల ఇదే కనిపిస్తుంది. కొనేటప్పుడు మోడల్ సంవత్సరం చూసుకోవాలి. 2017 డ్యూక్ నుంచి థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వదిలే మూత) ఎలక్ట్రానిక్ అయింది. పోటీ నిబంధనల్లో ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కి వేరే పరీక్షలు, వేరే కాగితాలు, అదో టెన్షన్. కేబుల్ థ్రాటిల్ ఉన్న పాత బండే మనకి మేలు. కొత్త 399 సీసీ మీద మనసు పడేవాళ్లూ ఈ మాట గుర్తుపెట్టుకోండి.

దీంతో అసలు జాగ్రత్త ఆయిల్ విషయంలో. బైకు మలుపులో వంగుతుంది, ఆయిల్ సంప్ (ఇంజిన్ కింద ఉండే ఆయిల్ తొట్టి) అడుగునే ఉంటుంది. కారు వంగదు, ఆయిల్ పక్కకి పోతుంది. ఇందులో ఇంజిన్ తప్పేం లేదు, దాన్ని బైకు కోసం చేశారంతే. స్కిడ్‌ప్యాడ్‌లో, అంటే గుండ్రంగా రెండు వైపులా తిప్పి చూసే పరీక్షలో, 15.25 మీటర్ల వృత్తం చుట్టూ తిరుగుతుంటే ఒకవైపు బాగానే ఉండేది, రెండో వైపు తిరిగేసరికి ఆయిల్ లైటు మినుకుమినుకుమనేది. పంపు గాలి పీలుస్తోందన్నమాట. సంప్‌లో ఆయిల్ పక్కకి పరిగెత్తకుండా అడ్డురేకులు పెట్టి, ప్రెజర్ గేజ్ డ్రైవర్‌కి ఎదురుగా బిగించాక కుదుటపడింది. గేజ్ లేకుండా ఈ ఇంజిన్‌ని స్కిడ్‌ప్యాడ్ మీదికి పంపొద్దు.

రెండోది గొలుసు. యాక్సిలరేటర్ తొక్కగానే గొలుసు డిఫరెన్షియల్‌ని (వెనక చక్రాలు రెండిటికీ శక్తి పంచే గేర్ల పెట్టె) ఇంజిన్ వైపు లాగుతుంది. బ్రాకెట్ పలచగా ఉంటే వంగి గొలుసు వదులవుతుంది, స్ప్రాకెట్ పళ్లు ఒకవైపే అరుగుతాయి. పళ్లు చూస్తే చాలు, బ్రాకెట్ సంగతి తెలిసిపోతుంది.

నానో ఇంజిన్ ఎవరూ తలవరు గానీ నాకు ముచ్చటేసింది అదే. 624 సీసీ, రెండు సిలిండర్లు, 35 పీఎస్, 48 న్యూటన్ మీటర్లు. అసలు కారులోనే వెనక ఇంజిన్, వెనక డ్రైవ్. ఇంజిన్, నాలుగు గేర్ల గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ కలిపి ఒకటే ముద్దగా వస్తాయి. గొలుసు లేదు, స్ప్రాకెట్ లేదు, రివర్స్ గేరు కూడా ఉంది. కారు ఇంజినే కాబట్టి ఆయిల్ భయం తక్కువ. బరువెక్కువ, గేరు మార్చాలంటే స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యాలి, రెండుకీ మూడుకీ మధ్య దూరం బాగా తెలుస్తుంది. గెలవాలంటే కేటీఎం, కొత్త డ్రైవర్లకి నేర్పాలంటే నానో. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 గురించి అడుగుతున్నారు: 648 సీసీ, 52 న్యూటన్ మీటర్లు, నిబంధనలో పడుతుంది. తెలిసినవాళ్ల కారులో నడిపాను, సాఫీగా లాగుతుంది. కానీ బరువూ ధరా చూస్తే కేటీఎం వదిలి వెళ్లబుద్ధి కాలేదు.

మనవైపు ఇంకో చిక్కుంది. ఫార్ములా భారత్ జనవరిలో. ట్రయల్ రన్స్‌కి దొరికేది నవంబర్, డిసెంబర్. అప్పుడే సార్వా కోతలు, వెంచర్ రోడ్ల నిండా ధాన్యం ఆరబోస్తారు. అది ఎత్తేసేసరికి మైదానాలన్నీ కోడిపందేల బరులకి పోతాయి. దొరికిన కాసిన్ని రోజులు ఇంజిన్ ట్యూనింగ్‌తో గడిచిపోకూడదంటే బండితో వచ్చిన ఈసీయూతోనే (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) స్టార్టయ్యే ఇంజిన్ కావాలి.

అందుకే నా సలహా ఒక్కటే: ఇంజిన్ కొనొద్దు, బండి మొత్తం కొనండి. ముందు ఫోర్కు వంగిన యాక్సిడెంట్ బండి అయినా ఫర్వాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో విడి ఇంజిన్ అమ్మేవాళ్లు "గుండ్రాయిలా ఉంది సార్, వైరింగ్‌దేముంది, ఎవరైనా వేసేస్తారు" అంటారు. ఎవరూ వెయ్యరు. ఈసీయూ, వైరింగ్, తాళం, మీటరు, సెన్సర్లు, ఫ్యూయల్ పంపు అన్నీ ఒకే బండివి ఉంటే సాయంత్రానికి ఇంజిన్ మోగుతుంది. ఒక్కొక్కటీ ఒక్కో చోట కొంటే నెలలు పడుతుంది. బండి పడిపోతే ఇంజిన్ ఆపేసే సెన్సర్‌ని బైకులో ఎలా నిలువుగా ఉందో కారులోనూ అలాగే బిగించాలి. అడ్డంగా పెడితే ఈసీయూ బండి పడిపోయిందనుకుని స్టార్టే కానివ్వదు. కనెక్టర్లు విప్పి చూడండి. మన ఉప్పుగాలికి పిన్నులు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటాయి, శుభ్రం చేసి గ్రీజు పూశాకే కలపాలి. ఆర్‌సీ మీద నంబరూ ఇంజిన్ మీద చెక్కిన నంబరూ పోల్చుకోండి. కాగితాల్లేని ఇంజిన్ సగం ధరకే ఇస్తామన్నా దాని జోలికి పోవద్దు, స్టేషన్ చుట్టూ తిరగాల్సొస్తుంది.