పులసా, విలసా: ఏది కొనాలి?

నిజానికి రెండూ ఒకే చేప. సముద్రంలో ఉన్నంతకాలం విలస. గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. బెంగాలీలు రెండింటినీ ఇలిష్ అనే అంటారు. పేరు మార్చి రేటు పెంచింది మనమే!

ధర: విలస సామాన్యుడికి అందుతుంది. పులస కిలో వేలల్లో పలుకుతుంది, యానాంలో వేలం పాట కూడా పాడతారు.

దొరకడం: పులస జూలై నుంచి సెప్టెంబరు దాకా, అదీ ఎర్రనీరు (వరద నీరు) వచ్చాకే. పైగా ధవళేశ్వరం బ్యారేజీ దాటి పైకి పోలేదు కాబట్టి దొరికేదంతా దిగువనే. విలసకు ఇంత టెన్షన్ లేదు.

రుచి: నదిలోకి వచ్చాక ఉప్పదనం పోయి కండ మెత్తబడుతుందంటారు. నా నాలుకకైతే తేడా తెలిసింది. జన (చేప గుడ్లు) ఉన్న పులస దొరికితే ఇక చెప్పక్కర్లేదు.

పని: ముళ్లు రెండింట్లోనూ బోలెడు. మట్టిదాకలో చింతపులుసు, బెండకాయలు వేసి సన్నసెగన మరిగించి, మర్నాడు తినాలి.

రిస్కు: అసలు చిక్కు ఇక్కడే. ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన చేపను పులసని అంటగడతారు. ముక్కలు కోశాక పోల్చడం కష్టం. విలసను విలసగా కొంటే ఆ మోసమే ఉండదు.

గోదావరి గట్టున తెలిసిన జాలరి ఉండి, చేప మీ కళ్లముందే పడవ దిగితే పులస కొనండి. హైదరాబాద్‌లో ఉండి వారాంతపు పులుసు కోసమైతే విలస చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముళ్ల బాధ తక్కువుండే కొరమీను తెచ్చుకోండి.