మెషీన్ విజన్ ట్రైనర్ కిట్: కెమెరా కంటే ముందు లైట్లు చూడండి

మా కాలేజీ తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్ళే దారిలో ఉంది. నేను ఈసీఈలో పాఠాలు చెబుతాను, మెషీన్ విజన్ (కెమెరాతో వస్తువులను చూసి పరీక్షించడం) ల్యాబు బాధ్యత కూడా నాదే. ఈ ల్యాబుకు కొన్న ట్రైనర్ కిట్ ఎలా ఉందని పుత్తూరు వైపు నుంచి, చిత్తూరు నుంచి తోటి లెక్చరర్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అందరికీ చెప్పింది ఒకటే: సామాను బాగుంది, లైట్లు చాలా బాగున్నాయి, మాన్యువల్ మాత్రం పక్కన పెట్టేయండి. ఫోన్‌లో అంతకంటే వివరంగా చెప్పడం కుదరడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు, అమరిక కూడా చాలావరకు ఒకేలా ఉంటుంది. పేరు తెలియడం కంటే ఏం చూసి కొనాలో తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

కిట్ అంటే ఒక బల్ల మీద పట్టేంత అల్యూమినియం ఫ్రేమ్. కింద మోటారుతో తిరిగే చిన్న కన్వేయర్ బెల్టు. పైన ఇండస్ట్రియల్ కెమెరా. అది బ్లాక్ అండ్ వైట్, 1440 × 1080 పిక్సెళ్ళు, చిత్రమంతా ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్. దానికి 16 మిల్లీమీటర్ల సి-మౌంట్ లెన్సు. వస్తువు వచ్చిందని చెప్పే ఫోటో సెన్సరు, వీటిని నడిపించే ఒక చిన్న పీఎల్‌సీ (యంత్రాల కంట్రోలరు), పనికిరాని వస్తువును పక్కకు నెట్టే గాలి సిలిండరు ఉంటాయి. ఇక విడివిడిగా బిగించుకునే లైట్లు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మార్చుకోగలిగే రింగ్ లైటు, రెండు బార్ లైట్లు, వస్తువు వెనక నుంచి వెలిగే ఒక బ్యాక్‌లైటు, బోర్లించిన గిన్నెలా ఉండే డోమ్ లైటు.

ఈ లైట్ల కోసమైనా కిట్ కొనవచ్చని నేనంటాను. ఎందుకో చెప్పాలి.

ఇమేజ్ ప్రాసెసింగ్ సబ్జెక్టు చదివి మా ల్యాబుకు వచ్చే పిల్లలకు ఒక నమ్మకం ఉంటుంది. ఫోటో ఎలా వచ్చినా పర్లేదు, తర్వాత కోడ్‌లో సరిచేసుకోవచ్చని. అది పోగొట్టడానికి మొదటి క్లాసులోనే మందుల షాపులో దొరికే టాబ్లెట్ల స్ట్రిప్ ఇస్తాను. అందులో ఒక గుంతలో మాత్ర ఉండదు. ఏ గుంత ఖాళీయో కెమెరాతో కనిపెట్టాలి. రింగ్ లైటు వెయ్యగానే వెనకున్న అల్యూమినియం రేకు ధగధగా మెరిసి, సగం చిత్రం తెల్లగా మాడిపోతుంది. అలా మాడిన చోట పిక్సెల్ విలువ గరిష్ఠమైన 255 దగ్గర ఆగిపోతుంది. దాని కింద మాత్ర ఉందో లేదో చెప్పే సమాచారం సెన్సరులోనే నమోదు కాలేదు. ఇక ఏ ఫిల్టరు వేసినా లేనిది రాదు. పిల్లలు కాంట్రాస్ట్ మారుస్తారు, హిస్టోగ్రామ్ ఈక్వలైజేషన్ (వెలుగు స్థాయిలను సమంగా పరచడం) చేస్తారు, చివరికి "మేడం, ఇది ఎట్లా చేసినా రావడం లేదు" అంటారు. అప్పుడు కీబోర్డు వదిలేసి లైటు మార్చమంటాను. డోమ్ లైటు అన్ని వైపుల నుంచీ మెత్తగా పడుతుంది కాబట్టి రేకు మీద మెరుపు చెదిరిపోయి గుంతలన్నీ సమంగా కనబడతాయి. తర్వాత రెండు వరుసల కోడ్ చాలు. బార్ లైటును దాదాపు బెల్టు ఎత్తుకు దించి పక్క నుంచి కొడితే అదే స్ట్రిప్ మీద ఉబ్బెత్తుగా అచ్చైన బ్యాచ్ నంబరు చీకట్లో గీతల్లా లేస్తుంది. వస్తువూ కెమెరా అవే. మారింది వెలుగు పడే కోణమే. ఇది పాఠంగా చెబితే తలూపుతారు, చేత్తో లైటు తిప్పితే జన్మలో మరిచిపోరు.

రంగుల పాఠానికి టమాటాలు వాడతాం. కూరగాయల బండి దగ్గర పండినవి కొన్ని, పచ్చివి కొన్ని తెచ్చి బెల్టు మీద పెడతాం. కెమెరా బ్లాక్ అండ్ వైట్ అని తెలిసి పాకాల నుంచి వచ్చే అమ్మాయి ఒకరు, రంగు తెలియని కెమెరాతో పండూ కాయా ఎట్లా వేరు చేస్తామని గట్టిగానే అడిగింది. రింగ్ లైటు ఎరుపులో పెట్టమన్నాను. పండు టమాటా ఎరుపును వెనక్కి పంపుతుంది, అందుకే తెల్లగా మెరిసింది. పచ్చిది ముదురుగా కనబడింది. లైటు ఆకుపచ్చకు మార్చగానే పండు నల్లబడి, కాయ వెలిగింది. రంగుల కెమెరా లేకుండానే ఒక్క త్రెషోల్డుతో (ఇంతకు మించితే తెలుపు, తగ్గితే నలుపు అనే వెలుగు హద్దుతో) రెండూ విడిపోయాయి. ఆ అమ్మాయి ముఖం చూసినప్పుడు ఈ కిట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన శ్రమంతా సార్థకమైందనిపించింది.

లెన్సు విషయంలోనూ కిట్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే లెక్క వేసి వెంటనే సరిచూసుకోవచ్చు. ఈ సెన్సరులో ఒక్కో పిక్సెల్ 3.45 మైక్రాన్లు. 1440 పిక్సెళ్ళంటే వెడల్పు దాదాపు 5 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి కెమెరాను 300 మిల్లీమీటర్ల ఎత్తులో బిగిస్తే బెల్టు మీద సుమారు 93 మిల్లీమీటర్ల వెడల్పు కనబడాలి. అంటే ఒక్కో పిక్సెల్ వస్తువు మీద 0.065 మిల్లీమీటర్లు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, కాబట్టి అది దాదాపు 415 పిక్సెళ్ళు రావాలి. బ్యాక్‌లైటు వేసి నాణెం నీడను కొలిస్తే ఆ లెక్కకు దగ్గరగానే వస్తుంది. మిగిలిన తేడాకు కారణం వెతకడమే ఆ రోజు పని.

తర్వాత నీళ్ళ సీసా మూత పెట్టమంటాను. 20 మిల్లీమీటర్ల ఎత్తుండే మూత పైభాగం కెమెరాకు అంత దగ్గరవుతుంది. 300కి బదులు 280 మిల్లీమీటర్ల దూరం. దాంతో 30 మిల్లీమీటర్ల మూత 32కి పైన చూపిస్తుంది. ఏడు శాతం తేడా! వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి చూసి పిల్లలు ముందు కాలిపర్స్‌నే అనుమానిస్తారు. కారణం వాళ్ళంతట వాళ్ళు పట్టుకునేదాకా నేను నోరు విప్పను. దూరం మారినా సైజు మారకుండా చూపే టెలిసెంట్రిక్ లెన్సు ఎందుకంత ఖరీదైనా ఫ్యాక్టరీలు కొంటాయో ఆ తర్వాత విడిగా చెప్పే అవసరం రాదు.

"ఫోన్ కెమెరా చాలదా?" అని మేనేజ్‌మెంట్ మీటింగులో అడిగారు. మీ దగ్గరా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. థియరీలో చెప్పే ఎడ్జ్ డిటెక్షన్ (అంచులు కనిపెట్టడం), ఫిల్టర్లు నేర్పడానికి ఫోన్ ఫోటోలు చాలు, ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీ ఉచితం. కానీ ఫోన్ మనం అడక్కుండానే ఎక్స్‌పోజరూ (సెన్సరు వెలుగు పట్టే సమయం) ఫోకసూ మార్చేస్తుంది. పొద్దున పనిచేసిన త్రెషోల్డు మధ్యాహ్నం పనిచేయదు. పైగా ఫోన్ సెన్సరు మామూలుగా వరుస తర్వాత వరుస చదువుతుంది, కదిలే బెల్టు మీది గుండ్రటి మూత సాగిపోయో ఒరిగిపోయో వస్తుంది. గ్లోబల్ షట్టర్‌లో అన్ని పిక్సెళ్ళూ ఒకేసారి వెలుగు పట్టుకుంటాయి. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించాను. తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

బెల్టు కదులుతున్నప్పుడు ఇంకో మంచి చిక్కు వస్తుంది. ల్యాబులో ట్యూబులైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది, ఒక ఫ్రేము వెలుగ్గా, తర్వాతది మసగ్గా వస్తుంది. ఎక్స్‌పోజరు సరిగ్గా ఒక మినుకు సమయం, అంటే 10 మిల్లీసెకన్లు పెడితే మినుకు సర్దుకుంటుంది. కానీ సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగంతో పోయే బెల్టు మీద ఆ 10 మిల్లీసెకన్లలో వస్తువు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే 30 పిక్సెళ్ళు అలుక్కుపోతాయి. అలుకుడు ఒక పిక్సెల్ లోపు ఉండాలంటే ఎక్స్‌పోజరు 0.3 మిల్లీసెకన్లకు దించాలి, అప్పుడు చిత్రం చీకటి. ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు. దీనికి దారి, బయటి వెలుతురు పడకుండా నల్ల అట్టతో కప్పి, మన సొంత లైటును బలంగా కొట్టడమే. ఆ అట్టపెట్టె మా పిల్లలే చేశారు, కిట్‌లో రాలేదు. ఇంత ముఖ్యమైన వస్తువు వాళ్ళు ఇచ్చి ఉండాల్సింది.

ఇప్పుడు బాగాలేని సంగతులు.

కిట్‌తో వచ్చిన మాన్యువల్‌లో ప్రయోగాలన్నీ బటన్లు నొక్కడమే. "ఫైల్ తెరువుము, త్రెషోల్డు నొక్కుము, ఫలితం రాయుము." అందులో ఇచ్చిన నమూనా ముక్కలకు లైటు స్థానం, లెన్సు ఎత్తు, ఎక్స్‌పోజరు అన్నీ ముందే సరిచేసి సేవ్ చేసి పెట్టారు. పిల్లాడు ఏమీ ఆలోచించకుండా తెరమీద ఓకే అనే పచ్చ గుర్తు చూసి రికార్డు రాసుకుని వెళ్ళిపోవచ్చు. ఎయిమ్, ఆపరేటస్, ప్రొసీజర్ రాసేస్తే మార్కులు వచ్చే పద్ధతి మన దగ్గర ముందే ఉంది, దానికి ఈ మాన్యువల్ తోడైతే ఇన్ని లక్షల సామాను అలంకారంగా మిగిలిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఒకే ఒక డాంగిల్‌తో (కంప్యూటరుకు గుచ్చే లైసెన్సు తాళంతో) పనిచేస్తుంది. ఆ డాంగిల్ ఉన్న కంప్యూటరు దగ్గర ఒక బ్యాచ్ కూర్చుంటే మిగతావాళ్ళు నిలబడి చూడాలి.

అదృష్టం ఏమిటంటే వేర్వేరు కంపెనీల కెమెరాలను ఒకే తీరుగా నడపడానికి ఉన్న జెన్‌ఐక్యామ్ ప్రమాణాన్ని మా కెమెరా పాటిస్తుంది. అందువల్ల ఆ సాఫ్ట్‌వేర్ లేకుండానే పైథాన్‌లో చిత్రాలు తీసుకోగలిగాం. ఇప్పుడు ఒక బ్యాచ్ కిట్ దగ్గర చిత్రాలు తీస్తే, మిగతావాళ్ళు అవే చిత్రాలతో తమ సిస్టమ్స్‌లో పని చేస్తారు. త్రెషోల్డును చిత్రం నుంచే ఎంచుకునే ఒట్సు పద్ధతిని 1979 నాటి సూత్రం నుంచి చేత్తో రాయిస్తాను. 256 స్థాయిల్లో ఒక్కోదాని దగ్గర చిత్రాన్ని రెండుగా కోసి, రెండు గుంపుల మధ్య తేడా ఎక్కడ ఎక్కువో వెతకాలి. రాసినవాళ్ళకు మంచి లైటు వేసిన చిత్రంలో హిస్టోగ్రామ్‌కు (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే గ్రాఫుకు) రెండు శిఖరాలు ఎందుకు వస్తాయో, పాడు చిత్రంలో ఎందుకు రావో కనబడుతుంది.

ఏఐ మాడ్యూల్ అని విడిగా డబ్బు తీసుకున్నదాన్ని మాత్రం సిఫారసు చేయను. ముందే శిక్షణ పొందిన మోడల్ వాళ్ళిచ్చిన ముక్కలనే గుర్తుపడుతుంది, కొత్త వస్తువు నేర్పడానికి మళ్ళీ లైసెన్సు కావాలి. డీప్ లెర్నింగ్ వద్దని నా ఉద్దేశం కాదు. మా పక్కన చిత్తూరులో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి సీజన్‌లో కాయలు తెచ్చి మచ్చలు పట్టే ప్రాజెక్టు చేయించాను. తోలు మీద సహజంగా ఉండే చుక్కలు, తెగులు వల్ల వచ్చిన నల్ల మచ్చలు, జీడి కారి ఎండిన చారలు, ఇవన్నీ ఒక త్రెషోల్డుకు లొంగవు. అక్కడ నేర్చుకునే మోడల్ కావాల్సిందే. కానీ దానికి ఉచితంగా దొరికే లైబ్రరీలు చాలు, అది కూడా డోమ్ లైటు కింద తీసిన కాయల చిత్రాలతోనే సరిగ్గా కుదిరింది. మెరుపు పడ్డ ఫోటోలతో చేసినప్పుడు మోడల్ మెరుపునే మచ్చ అనుకుంది.

బిగింపు గురించి కొంచెం. కెమెరా నెట్‌వర్క్ కేబుల్‌తో కంప్యూటరుకు కలుస్తుంది. మొదట కెమెరా కనబడలేదు. విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది. దాన్ని సర్దాక ఫ్రేములు మధ్యలో పోయేవి, నెట్‌వర్క్ కార్డులో జంబో ప్యాకెట్లు (డేటాను పెద్ద ముక్కలుగా పంపే సెట్టింగు) ఆన్ చేస్తే నిలిచింది. ఈ రెండూ మాన్యువల్‌లో మొదటి పేజీలో ఉండాల్సిన మాటలు. సర్వీస్ ఇంజనీరు చెన్నై నుంచి వచ్చాడు, పని తెలిసిన మనిషి, పిల్లలకు ఓపిగ్గా చెప్పాడు. ఆయన్ను రప్పించడానికి ఆఫీసుకు పెట్టిన మెయిళ్ళకు మాత్రం జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. గాలి సిలిండరుకు కంప్రెసర్ కొటేషన్‌లో లేదు, మేమే కొన్నాం. దుమ్ము ఎక్కువ కాబట్టి లెన్సు తీసినప్పుడల్లా సెన్సరు మీద మూత పెట్టమని గోడ మీద రాసి అంటించాను.

పిల్లలకు దీనివల్ల ఒరిగిందేమిటంటే, రేణిగుంట, శ్రీసిటీ వైపు ఇంటర్వ్యూలకు వెళ్ళినవాళ్ళు లైటింగ్ గురించి, ట్రిగ్గర్ (వస్తువు రాగానే ఫోటో తియ్యమనే సంకేతం) గురించి తడుముకోకుండా మాట్లాడగలిగామని వచ్చి చెప్పారు. సర్క్యూట్ బోర్డు మీద సోల్డరును పరీక్షించే యంత్రంలోనూ పని ఇదే, లైటు ఏ కోణంలో పడితే ఏది కనబడుతుందన్నదే.

డబ్బు తక్కువగా ఉంటే కన్వేయర్, పీఎల్‌సీ వదిలేసి కెమెరా, లెన్సు, స్టాండు, నాలుగు రకాల లైట్లు మాత్రం కొటేషన్ అడగండి. మా బిల్లులో సగానికి పైగా ఆ బెల్టు, ఫ్రేమ్, సాఫ్ట్‌వేర్‌కే పోయింది. పాఠాల్లో ఎక్కువ భాగం ఆగి ఉన్న వస్తువుతోనే జరుగుతుంది. డెమోకు వచ్చినప్పుడు వాళ్ళు తెచ్చిన ముక్కలు చూసి ఒప్పుకోవద్దు. మీ చేత్తో ఒక మాత్రల స్ట్రిప్, ఒక సీసా మూత ఇచ్చి, సేవ్ చేసిన సెట్టింగులు తెరవకుండా మొదటి నుంచి బిగించి చూపించమనండి. ఆ సమయంలో మీ పిల్లలిద్దరిని కూడా పక్కన కూర్చోబెట్టండి, లైటు వాళ్ళ చేత తిప్పించండి.