మేరా పీక్: రోజులు మిగిల్చుకోవాలనుకునే వారు వెళ్లకూడని శిఖరం

నేపాల్‌లో ట్రెక్కింగ్ శిఖరాలుగా పేరుబడిన వాటిలో ఎత్తైనది మేరా పీక్, 6,476 మీటర్లు. ఎవరెస్ట్‌కు దక్షిణాన, హింకు లోయ చివర ఉంటుంది. నిట్టనిలువు రాతి గోడలు ఎక్కే పని లేదు, చాలావరకు వాలుగా పరుచుకున్న మంచు మీద నడకే. అందుకే కఠ్మాండూలో చాలా ఏజెన్సీలు దీన్ని కొత్తవాళ్లకు అనువైన శిఖరంగా అమ్ముతాయి. అక్కడే నాకు అభ్యంతరం. శిఖరం మీద మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికే దానిలో సగం కూడా ఉండదు. హైదరాబాద్ మిత్రులతో వసంతకాలంలో వెళ్లివచ్చాక, వెళ్లబోయేవారికి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి, రోజులు మాత్రం తగ్గించకండి.

విమానం దిగే లుక్లా నుంచి, శిఖరం దారిలోని కోతే అనే ఊరికి రెండు దారులున్నాయి. చుతంగా మీదుగా వెళ్లి 4,610 మీటర్ల ఝాత్రా లా కనుమ దాటేది దగ్గరి దారి. లుక్లా ఎత్తు దాదాపు 2,850 మీటర్లు. ఈ దారిన వెళ్తే శరీరం ఇంకా అలవాటు పడకముందే నాలుగు వేల మీటర్లు దాటిపోతాం. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగి విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యులు చెబుతారు. ఈ దారిలో ఆ లెక్క మొదట్లోనే తప్పుతుంది. పైగా వసంతంలో కనుమ మీద పాత మంచు గట్టిపడి ఉంటుంది, బరువు మోసే పోర్టర్లకు అది మరింత ప్రమాదం.

రెండోది పైయా, పాంగోమ్ మీదుగా అడవుల్లో ఎక్కుతూ దిగుతూ సాగే చుట్టు దారి. రోజులు ఎక్కువ పడతాయి, మోకాళ్లు నొప్పి పెడతాయి. అయినా మేం దీన్నే ఎంచుకున్నాం, మళ్లీ వెళ్లినా ఇటే వెళ్తాను. ఏప్రిల్‌లో కొండవాలంతా లాలీగురాన్స్ (రోడోడెండ్రాన్ పూలచెట్టు) ఎర్రగా పూసి ఉంటుంది. లాడ్జీలు సాదాసీదాగా ఉంటాయి, పరుపు పలుచన, గోడలు చెక్కవి, కానీ వేడి దాల్ భాత్ అడిగినంత పెడతారు. తిరుగు ప్రయాణంలో శరీరం ఎత్తుకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి అప్పుడు ఝాత్రా లా మీదుగా రావచ్చు.

ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు రోజువారీ పట్టిక అడగాలి. మేం మాట్లాడిన మొదటి ఏజెన్సీ తక్కువ ధరకు అయిదో రోజుకే శిఖరం కింది ఆఖరి మజిలీ ఊరైన ఖారే చేరుస్తామంది. మధ్యలో ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తారని అడిగితే, గైడు చూసుకుంటాడన్నారు. ఒక్క గైడు జబ్బుపడిన మనిషిని కిందికి దింపుతుంటే మిగిలినవాళ్లు ఎవరితో ఎక్కాలి? మేం చివరికి కుదుర్చుకున్నవాళ్లు ఇద్దరు గైడ్లను ఇచ్చారు. కోతేకూ ఖారేకూ మధ్యనున్న తంగ్నాక్‌లో విశ్రాంతి, ఖారేలో శిక్షణ రోజు, వాతావరణం కోసం ఒక అదనపు రోజు పట్టికలోనే రాసిచ్చారు. ఖర్చు ఎక్కువైంది, దానికి తగ్గ భద్రతా దొరికింది. నేపాల్ పర్వతారోహణ సంఘం అనుమతి ఏజెన్సీయే తీసుకుంటుంది. ఆ రుసుము మిగతా కాలాల కంటే వసంతంలో ఎక్కువ. భారతీయులకు వీసా అక్కర్లేదు గానీ బీమా తప్పనిసరిగా ఉండాలి. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. 6,500 మీటర్ల వరకు, హెలికాప్టర్ ఖర్చుతో సహా వర్తిస్తుందని కాగితం మీద చూశాకే డబ్బు కట్టండి.

కోతేలో నదీతీరాన లాడ్జీలు బాగానే ఉన్నాయి, వేడినీళ్ల స్నానానికి అదే ఆఖరి మంచి చోటు. తంగ్నాక్ దగ్గర లోయ అంతా పెద్దపెద్ద బండలు. 1998 సెప్టెంబర్‌లో పైనున్న సబాయి సరస్సు గట్టు తెగి వచ్చిన వరద వాటిని ఇలా పరిచిపోయింది. విశ్రాంతి రోజున ఆ సరస్సు దాకా ఎక్కి దిగి, రాత్రికి తంగ్నాక్‌లోనే పడుకోవడం ఒంటికి ఎంతో మేలు చేస్తుంది.

అయిదు వేల మీటర్ల దగ్గరుండే ఖారేలో లాడ్జి భోజనశాల మధ్యలో ఇనుప పొయ్యి ఉంటుంది. సాయంత్రానికి దాని చుట్టూ తడిసిన బూట్లు వరుసగా చేరతాయి. మా పెద్ద గైడు ఒక్కొక్కరి క్రాంపాన్లను (మంచు మీద జారకుండా బూట్ల కింద బిగించే ముళ్ల చట్రాలు) అద్దె బూట్లకు తొడిగి, బూటును తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపేవాడు. కొంచెం కదిలినా విప్పి మళ్లీ బిగించేవాడు. మాలో ఒకరి బూటు మూడుసార్లు విప్పించాడు. మర్నాడు ఊరి పైనున్న వాలులో తాడు కట్టి, తాడును పట్టి ఉంచే జుమార్ అనే పరికరంతో ఎక్కడం, దిగడం నేర్పించాడు. తాడు పని హైదరాబాద్‌కు దగ్గర్లోని భువనగిరి గుట్ట మీద ముందే నేర్చుకుని రావడం మంచిది. పదమూడేళ్లకే, 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఆ గుట్ట మీదే సాగింది.

ఖారేలో పక్క బృందంలోని ఒకరికి కూర్చున్నా ఆయాసం తగ్గలేదు, పొడి దగ్గు ఆగలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి అవి గుర్తులు. వాళ్ల గైడు తెల్లవారేదాకా ఆగకుండా రాత్రికి రాత్రే టార్చిలైట్లతో కోతే వైపు దింపాడు. ఆ నిర్ణయం తీసుకోగల గైడు దొరికితే డబ్బు మాట పక్కన పెట్టండి. తల తిరిగి అడుగు తూలుతున్నా అంతే, మాత్ర వేసుకుని ఆగి చూడటం కాదు, వెంటనే దిగాలి.

శిఖరానికి ముందు రాత్రి ఆగే, 5,800 మీటర్ల దగ్గరున్న హైక్యాంపు రాతి అంచున వేసిన గుడారాలు తప్ప మరేమీ కాదు. మంచు కరిగించి నీళ్లు కాస్తారు, నిద్ర సరిగా పట్టదు. తెల్లవారుజామున రెండు గంటలకు బయల్దేరి అందరం ఒకే తాడుకు కట్టుకుని నడిచాం. దారిలో మంచు కప్పేసిన పగుళ్లుంటాయి, తాడు విప్పుదామని ఎవరన్నా ఒప్పుకోకండి. వసంతంలో ఎండ ఎక్కితే మంచు మెత్తబడి కాళ్లు దిగబడతాయి, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. అందుకే ఎన్ని గంటలకు వెనుదిరగాలో ముందే అనుకుని వెళ్లాలి. మేం ఆ వేళకు ముందే చేరాం. ఎవరెస్ట్, ల్హోత్సే, చో ఓయు, మకాలు, దూరంగా కాంచన్‌జంగా, ఎనిమిది వేల మీటర్లు దాటిన అయిదు శిఖరాలు ఒక్కచోట నిలబడి చూశాం.

విమానాల సంగతి. రద్దీ నెలల్లో లుక్లా విమానాలు ఎక్కువగా కఠ్మాండూ నుంచి కాక, దానికి తూర్పున రామెఛాప్ జిల్లాలో ఉన్న మంథలి విమానాశ్రయం నుంచి నడుస్తాయి. అక్కడికి కఠ్మాండూ నుంచి అర్ధరాత్రి దాటాక జీపులో బయల్దేరి నాలుగైదు గంటలు ప్రయాణించాలి. మబ్బు పడితే లుక్లాలో విమానం దిగదు, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగిపోవాల్సి వస్తుంది. హైదరాబాద్ తిరుగు టికెట్టు తీసుకునేటప్పుడు ఆ రోజులు కలుపుకోండి, అక్కడి గదికీ భోజనానికీ సరిపడా నేపాలీ నోట్లు విడిగా దాచుకోండి.