రివోనియా కేసు ఆడియో: మూడు గంటలూ వినాల్సిందే

సెషన్స్ కోర్టులో ముప్పై ఏళ్లు స్టెనోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాను. దక్షిణాఫ్రికా ప్రభుత్వం విధ్వంసక చర్యల నేరం మోపి నడిపిన రివోనియా కేసులో ముద్దాయిగా నెల్సన్ మండేలా 1964 ఏప్రిల్ 20న ప్రిటోరియా కోర్టులో చదివిన ప్రకటనను ఆయన గొంతులోనే వినవచ్చని తెలిసి, ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. నిడివి దాదాపు మూడు గంటలు. మంచినీళ్ల కోసం ఒక్కసారే లేచాను.

ముందు శబ్దం సంగతి. ఆ కేసును డిక్టాబెల్టుల మీద రికార్డు చేశారు. అవి ప్లాస్టిక్ పట్టీలు, ఒక్కోటి పావుగంట సేపు వస్తుంది. ఈ ప్రసంగం ఉన్న పట్టీలను బ్రిటిష్ లైబ్రరీ నిపుణులు డిజిటల్‌లోకి మార్చారు. గరగర ఉంది. పది నిమిషాల్లో చెవి అలవాటుపడుతుంది.

మన కోర్టుల్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313 సెక్షన్ కింద (2024 జులై నుంచి కొత్త చట్టం బి.ఎన్.ఎస్.ఎస్.లో 351) ముద్దాయిని ప్రశ్నించేటప్పుడు ప్రమాణం ఉండదు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు. సాక్షి ఇలా చెప్పాడు, నీవేమంటావు అని జడ్జి అడిగితే వచ్చే జవాబు "అబద్ధం". ఆ మాట ఎన్ని వేలసార్లు రాశానో! మండేలా కూడా ప్రమాణం చేయకుండా బోనులోంచే మాట్లాడారు. కానీ విధ్వంసక చర్యలకు పథకం వేసిన మాట నిజమేనని మొదట్లోనే ఒప్పుకున్నారు. ఉరిశిక్ష పడగల కేసు అది. ఒప్పుకున్న తర్వాతే కారణాలు మొదలుపెట్టారు. 1912లో పుట్టిన తమ సంస్థ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అర్ధశతాబ్దం అహింసనే నమ్ముకుంది. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలయ్యారు. ఆపైన సంస్థనే నిషేధించారు. తనకు నష్టం చేసే నిజాన్ని ముందే చెప్పిన మనిషి కాబట్టి, తర్వాత చెప్పేదాన్ని నమ్మకుండా ఉండలేకపోయాను.

నన్ను కదలనివ్వనిది లెక్కల భాగం. క్షయతో రోజుకు 40 మంది చనిపోతున్నారని, వారిలో దాదాపు అందరూ ఆఫ్రికన్లేనని చెబుతారు. ఆఫ్రికన్ విద్యార్థి ఒక్కరిపై ప్రభుత్వం పెట్టే ఖర్చు 12.46 రాండ్లు, తెల్లవారి పిల్లలకైతే 144.57. ఈ రెండో అంకె కేప్ ప్రావిన్సుదని, తనకు అందుబాటులో ఉన్నది అదొక్కటేనని కూడా అంటారు. తల మీద ఉరి వేలాడుతుండగా తన లెక్కలోని లోటును తానే విప్పి చూపారు! ఎక్కడా గొంతు పెంచరు.

నా బాధంతా చివరి నిమిషాన్ని కత్తిరించి, కింద సంగీతం కలిపి పెట్టే వీడియోల గురించే. అక్కడ ఆయన కాగితాలు పక్కన పెట్టి, జడ్జి డి వెట్ వైపు తిరిగి, జ్ఞాపకం నుంచి చెప్పారు. ఆదర్శం కోసం ప్రాణమిస్తానన్న మాట వద్దని న్యాయవాదులు భయపడితే, కనీసం "అవసరమైతే" అని చేర్చమని వారిలో ఒకరైన జార్జ్ బిజోస్ సలహా ఇచ్చారు. చావును తానుగా కోరుకుంటున్నట్టు ధ్వనించకుండా కాపాడిన మాట అది. ముందు రెండున్నర గంటలకు పైగా వింటేనే దాని బరువు తెలుస్తుంది. జూన్ 12న యావజ్జీవ శిక్ష పడింది.

న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఒకే విడతలో, మొదటి నుంచి వినండి. రెండోసారి నేను షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి రాసుకుంటూ విన్నాను. నిమిషానికి ఎనభై మాటలు రాయగలవారెవరూ వెనకబడరు, అంత నిదానంగా చదివారు. 12.46, 144.57 ఉన్న పేజీ మూల మడిచి ఉంచాను.