పొదుపు సంఘం బ్యాంకు లింకేజీ రుణం: సభ్యుల ఎంపికే అసలు పరీక్ష

పూచీకత్తు లేకుండా మహిళలకు దొరికే రుణాల్లో, పొదుపు సంఘానికి బ్యాంకు ఇచ్చే ఈ రుణం మేలైనదే. అయితే సంఘంలో ఎవరిని చేర్చుకున్నారన్న దాన్ని బట్టే పంపకం న్యాయంగా ఉంటుందా లేదా తేలుతుంది.

సాధారణంగా 10 నుంచి 20 మంది తమకు తామే జట్టు కడతారు. పది మంది నెలకు వంద చొప్పున ఆరు నెలలు కడితే పొదుపు 6,000 రూపాయలు. మొదటి విడత రుణం పొదుపుకు ఆరు రెట్లు లేదా కనీసం లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. ఇక్కడ ఆరు రెట్లు 36,000 మాత్రమే కాబట్టి, లక్షన్నరే వర్తిస్తుంది.

చిక్కంతా ఆ లక్షన్నర దగ్గరే. చాలా సంఘాలు గొడవ రాకూడదని తలా 15,000 పంచేస్తాయి. గేదె కొనాలనుకున్న ఆమెకు అది చాలదు, అవసరం లేని ఆమె దాన్నే ఎక్కువ వడ్డీకి తిప్పుతుంది. సంఘం బ్యాంకుకు ఇచ్చే సూక్ష్మ రుణ ప్రణాళికలో ఎవరికి ఎంత, ఎందుకు అన్నది ముందే రాసి, తీర్మానంలో అందరి సంతకాలు తీసుకోవాలి.

సభ్యులను ఎంచుకునే స్వేచ్ఛ వల్ల ఒక మేలు: లీడరే ప్రతిసారీ పెద్ద వాటా తీసుకుంటే, మిగతావాళ్లు మరో సంఘంలో చేరతామని గట్టిగా చెప్పగలరు. ఊళ్లో ఒకటే సంఘం ఉంటే ఆ బెదిరింపు పనిచేయదు. కీడూ ఉంది: ఒకరు కట్టకపోతే అందరి ఖాతా మొండిబాకీ అయ్యే ప్రమాదం ఉంది కనుక, కూలి పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలను ఎవరూ పిలవరు. రుణం ఎక్కువ అవసరమైంది వాళ్లకే. ఈ లోటు తీరనంత వరకు దీనికి ఐదుకు మూడున్నరే ఇవ్వగలం.