ఆట ఉచితం, పడక ప్రియం: రూర్కెలాలో రెండు రోజులు

ఒడిశాలోని రూర్కెలా ఊరి మీద నాకు కోపం లేదు. కోపమంతా స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఓ లాడ్జి మీద, అందులో మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న గుమాస్తా మీద. మిగతా ఊరంతా నాకు నచ్చింది. అయినా ఇంటికొచ్చి వారమైనా ముందు గుర్తొచ్చేది ఆ మఫ్లరే.

2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ మగవాళ్ల ఫైనల్. 2017 తర్వాత ఆగిపోయిన లీగ్ మళ్లీ మొదలైంది, ఫైనల్ రూర్కెలాలోనే, పైగా ప్రవేశం ఉచితం. మా మావయ్యగారు విశాఖ ఉక్కులో చేసి రిటైరయ్యారు. "రూర్కెలా ప్లాంటు మాకు పెద్దన్నయ్య లాంటిది, ఒక్కసారి ఆ ఊరు చూడాలి అల్లుడూ" అని చాలా ఏళ్లుగా అంటున్నారు. రెండూ కలిసొచ్చాయి కదా అని బయల్దేరాం. మా బావమరిదికి క్రికెట్ తప్ప వేరే ఆట ఆటే కాదు. వాడు వచ్చింది లగేజీ మొయ్యడానికని వాడే చెప్పుకున్నాడు.

విశాఖ నుంచి ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్, థర్డ్ ఏసీ, ముగ్గురికీ కలిపి మూడు వేల రెండొందల చిల్లర. రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పూర్ మీదుగా వెళ్తుంది. పగలంతా కొండలు, సొరంగాలు, పల్లీలు. ఏ ఇబ్బందీ లేదు. ఫైనల్‌కి హైదరాబాద్ తూఫాన్స్ వచ్చిందని దారిలోనే తెలిసింది. "మన టీమే బావా!" అని మావాడు లేచి కూర్చున్నాడు. అప్పటిదాకా ఆ పేరుతో ఒక టీమ్ ఉందని కూడా వాడికి తెలీదు.

లాడ్జి చేరేసరికి రాత్రి ఒంటిగంట. చలి ఎముకల్లోకి దిగుతోంది. పది రోజుల ముందే ఫోన్లో మాట్లాడి, ముగ్గురికి గది, అదనంగా ఒక పరుపుతో సహా 1,800 అని ఖాయం చేసుకుని, 500 అడ్వాన్సు కూడా పంపాను. గుమాస్తా రిజిస్టర్ తిప్పాడు, మా మొహాలు చూశాడు, మావయ్యగారి మోకాలి పట్టీ కూడా చూశాడనుకుంటా. "మూడు వేల ఐదొందలు" అన్నాడు.

ఎందుకయ్యా అంటే, "ఫైనల్ హై సాబ్."

ఫైనల్ ఉందని నేను ఫోన్ చేసిన రోజున అతనికి తెలీదా? తేదీ చెప్పే కదా గది తీసుకున్నాను? మా బావమరిది సినిమాల్లో నేర్చుకున్న హిందీతో యుద్ధానికి దిగాడు. గుమాస్తా అదే చిరునవ్వుతో మఫ్లర్ సర్దుకుని, ఇష్టం లేకపోతే అడ్వాన్సు వాపసు ఇస్తానన్నాడు. ఒంటిగంటకి, ఆ చలిలో, అరవై ఏడేళ్ల మనిషిని వెంటబెట్టుకుని అడ్వాన్సు వాపసు ఏం చేసుకుంటాం? అది అతనికీ తెలుసు. కట్టేశాం. బిల్లు మాత్రం 1,800కే రాశాడు. మిగతా 1,700 ఏమిటంటే "సీజన్" అన్నాడు, కాగితం మీద అక్కర్లేదన్నాడు.

గదిలో గీజరుంది, నీళ్లు వేడెక్కవు. అదనపు పరుపు అంటే దుప్పటి కన్నా కాస్త మందం, అంతే. రగ్గులో ఎవరిదో బీడీ వాసన. వీటన్నిటికీ సర్దుకున్నా. తెల్లవారి ఎనిమిదింటికి తలుపు కొట్టి, చెకౌట్ టైమైందన్నారు చూడండి, అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. మూడు వేల ఐదొందలు, ఏడు గంటలు. గంటకి ఐదొందలు పెట్టి బీడీ వాసన పీల్చాం.

మావయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఆయన నోరు తెరిపించింది బజారులో ఒక బండి. బరా, ఘుగుని, ప్లేటు 30 రూపాయలు. బరా అంటే మన గారెకి చుట్టమే. దాని మీద వేడివేడిగా బఠాణీ కూర పోసి, ఉల్లిపాయ, కొత్తిమీర చల్లి ఆకు దొన్నెలో ఇస్తాడు. మావయ్యగారు మొదటి ప్లేటు అనుమానంగా తిన్నారు, రెండోది అడిగి తిన్నారు, మూడోది తింటూ "పప్పు మనవాళ్ల కన్నా బాగా రుబ్బాడు" అన్నారు. గారెల విషయంలో ఆయన ఇంకొకరిని మెచ్చుకోవడం నా పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

తర్వాత ఛెండ్ వైపు, స్టేడియానికి దగ్గర్లో, ఒక ఇంటి పై అంతస్తులో గది దొరికింది. రోజుకి 1,600, వేడినీళ్లు, ఉతికిన దుప్పట్లు. దీని గురించి చెప్పడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

మధ్యాహ్నం ఉక్కు టౌన్‌షిప్‌లో తిరిగాం. ప్రభుత్వ రంగ ఉక్కు కర్మాగారాల్లో మొదటిది ఇదే, పశ్చిమ జర్మనీ వాళ్ల సాయంతో కట్టారు. 1959 ఫిబ్రవరి 3న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ప్లాంటు లోపలికి వెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, మేం తీసుకోలేదు. బయటి సెక్టార్లే చూశాం. పెద్ద చెట్లు, వెడల్పు రోడ్లు, వరండాలున్న క్వార్టర్లు. మావయ్యగారు ఒక క్వార్టర్ ముందు ఆగి "ఇది మా ఉక్కునగరమే, కాకపోతే ముసలిదైంది" అన్నారు. గేటు దగ్గర డ్యూటీ దిగి సైకిల్ మీద వెళ్తున్న మనిషికి అలవాటుగా చెయ్యూపారు. అతనూ ఊపాడు.

ఉక్కు కోసం ఇక్కడ ఆదివాసీల ఊళ్లు, పొలాలు పోయాయి. ఇవాళ ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలుస్తున్నది మాత్రం వాళ్ల పిల్లల ఆట వల్లే. సుందర్‌గఢ్ జిల్లాలో పల్లెపల్లెకీ హాకీ ఉంది. గెలిచిన జట్టుకి మేకపోతుని బహుమతిగా ఇచ్చే 'ఖస్సీ' టోర్నమెంట్లు ఇక్కడ మామూలు. 412 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన దిలీప్ తిర్కీది, అమిత్ రోహిదాస్‌ది ఇద్దరిదీ సౌనామరా అనే ఒకే పల్లెటూరు. 2023 ప్రపంచకప్‌లో ఈ ఊరి మైదానంలోనే స్పెయిన్ మీద ఇండియా మొదటి గోల్ కొట్టింది ఆ రోహిదాసే. మన విశాఖ స్టేడియం అనగానే 2005లో పాకిస్తాన్ మీద ధోని 148 గుర్తొస్తుంది. కానీ ధోని రాంచీవాడు, మనం ఆతిథ్యం ఇచ్చాం, అంతే. ఇక్కడ ఆడేవాడూ, చూసేవాడూ ఒకే మట్టి. ఈ మాటే అంటే బావమరిది మొహం మాడ్చుకున్నాడు.

సాయంత్రం బిర్సా ముండా స్టేడియం. ఇరవై వేల పైచిలుకు కుర్చీలు, ఒక్క హాకీకే. నీలం టర్ఫ్ మీద ముందు నీళ్లు చల్లుతారు, లైట్ల కింద అది చెరువులా మెరుస్తుంది. మెట్లు బాగా ఏటవాలుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తొందరగా వెళ్లి కింది వరసలు పట్టుకోండి. ఎక్కడ కూర్చున్నా ఆట ముక్కు ముందే జరుగుతున్నట్టుంటుంది.

మొదటి పావు గంట మావాడికి బంతి కనబడలేదు. "ఎటు పోతోంది బావా అది?" అని ఒకటే గోల. పక్కనే తలకి ఎర్ర తువ్వాలు కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుంది. మనవరాలు హాస్టల్లో ఉండి హాకీ ఆడుతోందట. ఆవిడ చేతి సైగలతోనే పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో వాడికి నేర్పింది. మూడో పావు గంటకి వీడు ఆవిడ కన్నా ముందే లేచి కార్నర్ అడుగుతున్నాడు. సుందర్‌గఢ్ కుర్రాడు అమన్‌దీప్ లక్రా మన హైదరాబాద్ వైపు ఆడుతున్నాడు. అతని కర్రకి బంతి తగిలితే చాలు స్టాండంతా హోరు. అలా ఊరు ఊరంతా సగం మన టీమే అయిపోయింది. అయినా ఓడిపోయాం. బెంగాల్ టైగర్స్ 4, తూఫాన్స్ 3. జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు కొట్టాడు. ఓడినవాళ్లకీ జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పెద్దావిడ సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి మావాడి చేతిలో పోసింది, ఓదార్పు కాబోలు.

బయటికొచ్చాక మళ్లీ పాత కథ. రెండు కిలోమీటర్లకి ఆటో 400 అన్నాడు. నడిచేశాం, జనంతో పాటు నడిస్తే దూరమే తెలీలేదు. వేలమందిని ఆడించడం వచ్చిన ఊరికి వందమందిని పడుకోబెట్టడం ఇంకా రాలేదు. మ్యాచ్‌కి వెళ్లేవాళ్లు స్టేషన్ దగ్గర లాడ్జీలకి పోకండి, గది ఛెండ్‌లోనే చూసుకోండి. రేటూ, చెకౌట్ టైమూ వాట్సాప్‌లో రాయించుకోండి, ఫోన్లో మాట నమ్మకండి. అర్ధరాత్రి దిగే రైలు ఎక్కకండి, బేరం ఓడేది అక్కడే.

ఆదివారం వేదవ్యాస్ చూశాం. కోయెల్, శంఖ్ నదులు కలిసి బ్రాహ్మణి అయ్యే చోటు, వ్యాసుడు భారతం రాసింది ఇక్కడేనంటారు. ఆటో పోనూ రానూ 350, ప్రశాంతంగా ఉంది.

రాత్రి రైలు ఎక్కే ముందు బావమరిది 650 పెట్టి హాకీ కర్ర కొన్నాడు. పై బెర్త్‌లో దాన్ని పక్కన పెట్టుకుని పడుకున్నాడు. కింద మావయ్యగారు డైరీలో ఖర్చులు రాసుకుంటున్నారు. ఆ 1,800 బిల్లుని మడతపెట్టి అదే పేజీలో దోపి, పక్కన "మిగతా 1,700: మఫ్లర్‌కి" అని రాశారు.